గాలి చొరబడని సేమియా గది

సత్తెనపల్లిలో పెళ్లిళ్లకు వంటలు చేసే యూసుఫ్ ఒకరోజు పొద్దున్నే మా వీధిలోకి ఆటో వేసుకుని వచ్చాడు. ఆటోలో మనుషులు లేరు, సేమియా కట్టలున్నాయి. దిగీ దిగకముందే అరుపులు మొదలుపెట్టాడు.

"కరీమున్ పిన్నీ! బయటికి రా! నీ సేమియా సగం నూకలే. పాయసం పోశావా, రవ్వజావ కాచావా అని పెళ్లివాళ్లు నాకు గడ్డి పెడుతున్నారు!"

మా ఎదురింటి కరీమున్ చేతికంటిన పిండి దులుపుకుంటూ గడపలోకి వచ్చింది. మనిషి పొట్టి. ఆ ఒంటికీ ఆ గొంతుకీ పొంతన ఉండదు. ఎవరో ఆజానుబాహుడి గొంతు తెచ్చి ఈమెకు పెట్టినట్టుంటుంది.

"ఏరా యూసుఫూ, అవి నా గదిలో విరిగాయా, నీ ఆటోలో విరిగాయా?"

"అదంతా నాకు తెలీదు. విప్పి చూస్తే విరిగి ఉన్నాయి. సరుకు మార్చి ఇవ్వు."

"ఇస్తా. ఇవ్వనన్నానా?" అని లోపలికి వెళ్లి మూరెడు పొడుగున్న సేమియా పుల్ల ఒకటి తెచ్చింది. షాపు ప్యాకెట్లలో వచ్చే వెంట్రుకల్లాంటి సేమియా కాదు అది. కరీమున్ సేమియా కాస్త లావుగా, తిన్నగా ఉంటుంది. "ఇదిగో, రెండు చివరలూ పట్టుకుని వంచు. వంచి సరిగ్గా రెండు ముక్కలు చెయ్యి. మూడు కాకూడదు. చేశావంటే సరుకంతా మార్చి నీ ఆటోలో నేనే సర్దుతా."

"ఇంతేనా?" అని నవ్వాడు యూసుఫ్. వంచాడు. టప్‌మంది. రెండు ముక్కలు రెండు చేతుల్లో ఉన్నాయి, మూడోది ఎగిరి వచ్చి అరుగు మీద కూర్చున్న నా కాఫీ గ్లాసులో పడింది.

"ఇంకోటియ్యి" అన్నాడు. ఇచ్చింది. ఈసారి నాలుగు. "మెల్లగా వంచాలిరా" అని ఆటో డ్రైవరు దిగొచ్చాడు. వాడికి మూడు. పాలు పోసే ఆదెయ్య క్యాను కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని మరీ ప్రయత్నించాడు. మూడు. నాకు ఐదు వచ్చాయి. పుల్ల మంచిది కాదని నేను అప్పుడే చెప్పాను. వీధి వీధంతా సేమియా విరవడానికి ఎగబడింది. కింద రాలిన ముక్కల కోసం కోళ్లు పోట్లాడుకున్నాయి. "నువ్వు మధ్యలో పట్టుకున్నావు, అందుకే", "నువ్వు ఊపిరి బిగబట్టలేదు" అని ఒకరికొకరు పాఠాలు చెప్పుకున్నారు. కరీమున్ అందరికీ టీ పెట్టి ఇచ్చింది. యూసుఫ్ టీ తాగాడు, "మాయ సేమియా పిన్నీ నీది" అని మెచ్చుకున్నాడు, తన విరిగిన సేమియా కట్టలతోనే ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. తాను ఎందుకు వచ్చిందీ రైలు గేటు దగ్గర గుర్తొచ్చిందట.

పుల్ల రెండుగా విరగకపోవడానికీ కట్టలో సరుకు నూకలవడానికీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"ఏమే కరీమూ, నీకు వస్తుందా అట్లా విరవడం?" అని అడిగాను జనం వెళ్లాక.

"నాకూ రాదక్కా."

"మరి పందెం ఎందుకు కాశావే?"

"వాడికీ రాదని తెలుసుగా!"

పుల్ల అట్లా ఎందుకు విరుగుతుందో మటుకు చెప్పింది. వెదురుబద్దను వంచి పట్టుకుని ఒక్కసారి వదిలితే వెనక్కి వచ్చి మూతి పగలగొడుతుంది కదా. సేమియా ఒకచోట విరగ్గానే ఆ రెండు ముక్కలూ అట్లాగే వెనక్కి కొట్టుకుంటాయట. ఆ దెబ్బకి ఇంకోచోట పుటుక్కుమంటుంది. "మొదటిది మనం విరుస్తాం. రెండోది అదే విరుచుకుంటుంది" అంది. నేను నాలుగో తరగతి వరకే చదివాను. అందులో నా తప్పేమీ లేదు, ఐదో తరగతికి మా బడికి మాస్టరే రాలేదు. అయినా ఈ మాట నాకు ఒక్కసారికే అర్థమైంది. కొన్ని కొంపల్లో తగువులు కూడా ఇట్లాగే జరుగుతాయి.

కరీమున్ పుట్టింది చీరాలలో, మగ్గాల వీధి పక్కన. పెళ్లయి మా ఊరు వచ్చేటప్పటికి పక్కన ఒక ఇనప సేమియా మిషను ఉంది. వాళ్లమ్మది. చేత్తో తిప్పేది. దాన్ని మోయడానికి ఇద్దరు మగాళ్లు కావాలి, దాంతో బతకడానికి ఒక ఆడది చాలు. ఆమె భర్త గౌస్ బాషా గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు తొక్కేవాడు. మా వైపు మిర్చి పండించే వాళ్లందరికీ గౌస్ బాషా పేరు తెలుసు. ఎందుకో చెబుతాను.

కళ్లంలో బాగా ఎండిన మిరపకాయ గలగలలాడుతుంది. అట్లాగే బస్తాలో వేసి తొక్కితే పొడి పొడి అవుతుంది, గింజలు రాలిపోతాయి. అందుకని బస్తాకు ఎత్తేముందు కాయ మీద పలచగా నీళ్లు చల్లుతారు. తోలు మెత్తబడుతుంది. ఇక ఎంత తొక్కినా కాయ వంగుతుందే గానీ విరగదు. నీళ్లు తక్కువైతే కాయ పగులుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. ఆ చల్లడంలోనే ఉంది విద్యంతా. గౌస్ బాషా చెయ్యి పడితే కాయ విరగదని పేరు. వేళ్లు విదిలిస్తే మంచు కురిసినట్టుండేది. మా కాయ కూడా ఆయన చేత చల్లించుకున్నాం. మోకాళ్లు అరిగిపోయి యార్డు మానేశాక అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లకు ఆ సంగతులే చెబుతాడు. వినేవాళ్లు తగ్గారు. నేను అసలే వినను.

ఇక కరీమున్ గది. రోడ్డు వైపున్న మట్టిగోడల పెంకుటిగది. పిండి గట్టిగా కలిపి, మిషనులో పెట్టి తిప్పితే కింద నుంచి సేమియా జడపాయల్లా దిగుతుంది. వాటిని వెదురు కర్రల మీదకెత్తి, తాళ్లకు కట్టి గదినిండా వేలాడదీస్తుంది. కిటికీకి తడి గోతం కడుతుంది. మట్టినేల మీద చెంబుతో నీళ్లు చల్లుతుంది. ఫ్యాను లేదు. నవ్వితే గాలి వస్తుందని నవ్వనివ్వదు. మొదట్లో నేను ఎగతాళి చేశాను.

"ఎండబెట్టాల్సినదాన్ని చీకట్లో దాచి, పైగా నేలంతా తడుపుతావేమిటే? ఇదేమన్నా బాలింతరాలా?"

"బాలింతరాలి కంటే ఎక్కువక్కా. దానికి జలుబు చేస్తే మందుంది."

ఒకసారి వాళ్లబ్బాయి ఖాజావలి తల్లి మీద ప్రేమకొద్దీ పెద్ద స్టాండు ఫ్యాను కొనుక్కొచ్చి గదిలో పెట్టాడు. సేమియా మధ్యాహ్నానికల్లా ఎండిపోయింది. వాడు మీసం తిప్పాడు. మర్నాడు కట్ట కడదామని పట్టుకుంటే ఎవరూ వంచకుండానే, ఎవరూ కొట్టకుండానే, చేతిలోనే ముక్కలు ముక్కలుగా జారిపోయింది.

"ఏం జరిగిందే?" అని అడిగాను.

"గాలికి పైపెచ్చు ముందే బిగుసుకుపోయింది. లోపల ఇంకా తడే. తర్వాత లోపలిది ఎండి ముడుచుకుపోవాలని చూస్తుంది. పైపెచ్చు రాయైపోయిందిగా, అది కదలదు. వాళ్లిద్దరి పంతానికి మధ్యలో ఎక్కడో తెగాలి కదా."

"అత్తాకోడళ్లన్నమాట."

"అత్తాకోడళ్లయితే అరుచుకుని ఊరుకుంటారక్కా. ఇవి అరవవు. అదే వచ్చిన చిక్కు. పైకి నిగనిగలాడుతూ ఉంటాయి, లోపల లోపల తెగిపోతాయి. అందుకని పైనా లోపలా కలిసి ఎండేట్టు చూడాలి. పైదాన్ని తొందరపడనివ్వకూడదు. నేల తడిపేది అందుకే."

మా నల్లరేగడి చేలు వేసవిలో కాలు దూరేంత నెర్రెలు విచ్చేదీ ఇందుకే. పైన ఎండి ముడుచుకుంటుంది, కింద తడి పట్టుకుని ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఆ నెర్రెలు చూస్తున్నా, నేనెప్పుడూ ఎందుకని అడగలేదు. చేను చేనే. దాన్ని అడిగేదేముంది?

చీరాలలో పడుగుకు గంజి పెట్టేవాళ్లను చూసి నేర్చుకుందట ఈ ఓపిక. తెల్లారుజామున, గాలి లేవకముందే గంజి పెట్టేవాళ్లట. ఎండలో గబగబా ఆరితే దారం పెళుసెక్కి మగ్గం మీద పటపటా తెగుతుందట. ఇంత ఓపిక సేమియా దగ్గర ఉన్న మనిషికి మనుషుల దగ్గర చిటికెడు కూడా ఎందుకు లేదో నాకు అంతుపట్టదు. ఆమె నోటి ముందు బస్సు కండక్టర్లు, కరెంటు వాళ్లు, కోడిపిల్లలమ్మే వాళ్లు ఎవరూ నిలవలేదు. నేను తప్ప.

యూసుఫ్ సంగతి నవ్వులాటగా పోయిందనుకున్నాం గానీ, పోలేదు. ఖాజావలి సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. బస్టాండు మూల ఒక ఇరుకు బంకులో కూర్చుంటాడు. ఎండకు వాడికంటే ముందు ఫోన్లు వేడెక్కుతాయి. రోడ్డు వైపున్న సేమియా గదిని కొట్టేసి, స్లాబు వేసి షాపు పెట్టుకోవాలని వాడి కోరిక. కోరికలో తప్పు లేదు. అడిగిన తీరే కాస్త తేడా.

"అమ్మా, యూసుఫ్ మీద తగువు గెలిచావుగా. మళ్లీ వచ్చాడా?"

కరీమున్ వినబడనట్టు పిండి పిసుకుతూనే ఉంది.

"రాలేదు. ప్యాకెట్ సేమియా కొనుక్కుంటున్నాడు. నువ్వు తగువు గెలుస్తావు, బేరం పోతుంది. ఎవరి కోసమమ్మా ఇంకా ఆ గది?"

ఆ మాట తగిలింది. తగిలినట్టు కనబడకుండా ఉండటం కోసం ఆమె ఇంకా గట్టిగా అరిచింది. "నా సరుకు విరిగిందంటావా? ఈ రంజాన్‌కి చూడరా. ఒక్క పుల్ల విరగకుండా కట్టలు కట్టి ఊరందరికీ ఇస్తా. విరిగితే గది నీది. విరక్కపోతే నేను బతికున్నంత కాలం ఆ గది మాటెత్తకూడదు."

"మాటేనా?"

"మాటే."

"పెద్దమ్మా, నువ్వే సాక్షి" అన్నాడు వాడు నా వైపు తిరిగి. నన్ను ప్రత్యేకం పిలవాల్సిన పనిలేదు. ఈ వీధిలో నేను చూడకుండా ఏదీ జరగదు.

రంజాన్ నెల ఇంకా మొదలుకాలేదు. ఊరి చుట్టూ కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, వీధిలో ఎవరు నడిచినా తుమ్ముతూ నడుస్తున్నారు. కరీమున్ గదిలోకి దిగింది. నిజం చెప్పాలి, అటువంటి సేమియా నేను ఎప్పుడూ చూడలేదు. మొదటిరోజు దారంలా జారుతూ ఉంది. తర్వాత తోలులా సాగింది, వేలికి చుడితే చుట్టుకుంది. ఆఖరికి గాజులా మారింది. ఒక కర్రను ఇంకో కర్రకు ఆనిస్తే సన్నగా గలగలమంది. పట్టుకుంటే నునుపు, వెలుతురుకు పెడితే మెరుపు. ఎక్కడా గీత లేదు.

"ఇంకొక్క రోజు వదిలేసి కట్టలు కడతా" అంది. అంతలో మంగళగిరిలో వాళ్ల చెల్లెలి కూతురు ప్రసవించిందని ఫోను వచ్చింది. వెళ్లక తప్పదు. వెళ్తూ వెళ్తూ గౌస్ బాషాకు చెప్పింది.

"గది తలుపు తియ్యొద్దు."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్నా?"

"చిన్నపిల్లాడైతే చెప్పేదాన్ని కాదు, కట్టేసి వెళ్లేదాన్ని."

మర్నాడు పొద్దున నేను అరుగు మీద చింతపండు గింజలు తీసుకుంటుంటే గౌస్ బాషా మోకాళ్లు పట్టుకుని వీధి దాటి వచ్చాడు. మొహం వెలిగిపోతూ ఉంది.

"వదినగారూ, మా గదిలో బల్లులు పలుకుతున్నాయి."

"పలకనీ. శుభమేగా."

"ఒకటి కాదండీ, చాలా పలుకుతున్నాయి. ఈసారి సరుకు చూసి మా ఖాజా నోరు మూసుకుంటాడు అనుకున్నానా, వెంటనే టిక్కుమన్నాయి. ఇంకోసారి అనుకున్నా. మళ్లీ టిక్కు టిక్కు. ఇంత సత్యం నేనెప్పుడూ వినలేదు!"

నాకు అనుమానం వచ్చింది. అన్ని బల్లులు ఒక మాట మీద ఉండవు. చింతపండు పక్కన పెట్టి వెళ్లాను. తలుపు తెరిచి ఉంది. గది నిండా సన్నటి చప్పుడు. టిక్. టిక్ టిక్. పప్పు చిటపటలాడినట్టు, అటొకటి ఇటొకటి. గోడల మీద చూస్తే బల్లి తోక కూడా లేదు. పలుకుతున్నది సేమియా.

దగ్గరికెళ్లి చూశాను. నిన్న గాజులా ఉన్న ప్రతి పుల్లకూ అడ్డంగా తెల్లటి సన్నగీతలు, వెంట్రుకల్లాంటివి. వేలు ఆనించానో లేదో ఒక పుల్ల మూడుచోట్ల తెగి కాళ్ల మీద రాలింది. నేల మీద చెంబు ఉంది. పక్కన ఒక తడి తుండుగుడ్డ ఉంది.

"ఏం చేశావయ్యా గౌసూ?"

"ఏం లేదు. మరీ గలగలలాడుతున్నాయండీ. కట్ట కట్టేటప్పుడు విరిగిపోవూ? అందుకని పైపైన కొంచెం చల్లాను. మిరపకాయకు చల్లినంత కూడా లేదు. చల్లి తుండు కప్పి, ఒక కునుకు తీసి వచ్చా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి? ఆమె రోజూ చల్లుతుందిగా!"

"ఆమె చల్లేది నేల మీదయ్యా! సేమియా మీద కాదు!"

"నేల మీద చల్లితేనే అంత బాగుంటే, సరాసరి దాని మీద చల్లితే ఇంకెంత బాగుండాలి?"

ఈ లెక్క తప్పని నాకు తెలుసు. చెప్పినా ఆయనకు ఎక్కదు. మిరపకాయది తోలు, నీళ్లు తాగి మెత్తబడి ఊరుకుంటుంది. సేమియా గట్టిగా ఎండిన పిండి. పైన నీళ్లు పడగానే పైపెచ్చు ఉబ్బుతుంది, లోపలిది రాయిలా బిగుసుకుని ఉంటుంది, జరగదు. ఫ్యాను గాలికి జరిగిన తగువే, ఈసారి తిరగేసి జరిగింది.

"ఎండిన వడ్ల మీద వాన పడితే మరలో ఏం వస్తుందయ్యా?"

"నూకలు."

"తెలుసుగా మరి!"

"వరి సంగతి నాకెందుకు వదినగారూ? నేను మిర్చి మనిషిని."

అప్పటికి ఆయన మొహంలో వెలుగు ఆరిపోయింది. ఏదో ఒకటి చెయ్యాలని గదిలో అటూ ఇటూ తిరిగాడు. వద్దు వద్దని నేను అరుస్తూనే ఉన్నాను, ఖాజావలి కొన్న ఆ స్టాండు ఫ్యానునే పక్కగదిలోంచి లాక్కొచ్చి మీట వేశాడు. తడి ఆరిపోతే మళ్లీ మామూలైపోతుందని ఆయన నమ్మకం. పుండు మీద కారం చల్లినట్టయింది. గాలి తగలగానే కర్రకు కర్రే రాలడం మొదలైంది. ఆయన ఆ సేమియా వాన కింద నిలబడి రెండు చేతులూ చాచి పట్టుకోవాలని చూశాడు. తల మీద, భుజాల మీద ముక్కలు. నవ్వొచ్చింది నాకు. నవ్వాను కూడా. ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

సాయంత్రం బస్సుకు కరీమున్ దిగింది. చేతిలో మంగళగిరి నుంచి తెచ్చిన పానకం సీసా ఉంది. గదిలోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లి చెవులు మూసుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను. గౌస్ బాషా తలుపు వెనక దాక్కున్నాడు, కాళ్లు కనబడుతూనే ఉన్నాయి. ఆమె ఒక పుల్ల తీసి గీతల్ని చూసింది. చెంబును చూసింది. తుండుగుడ్డను చూసింది. తలుపు కింద కాళ్లను చూసింది. ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్లలో ఆ గొంతు ఊరుకోగా నేను వినడం అదే మొదలు. పిడుగు కంటే భయమేసింది.

ఇంతలో ఖాజావలి బంకు మూసి వచ్చాడు. వచ్చి నేల మీద గుట్టను చూశాడు. వాడు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. వాడి మొహమే చిన్నబోయింది.

"ఏమైందమ్మా?"

నేను నోరు తెరిచాను. ఉన్నమాట చెబితే పందెం రద్దయిపోతుంది. ఆమె చెయ్యని తప్పుకు ఆమె గది ఎట్లా పోతుంది? నేను సాక్షిని కూడానాయె. నా నోరు తెరుచుకున్నాక మూయించినవాళ్లు ఈ మండలంలో లేరు. కరీమున్ ఒక అడుగు వెనక్కి వేసి, నా కాలివేళ్ల మీద మడమ ఆనించి నిలబడింది. పొట్టి మనిషే గానీ బరువుంది.

"నాదేరా తప్పు. సరిగ్గా ఆరకుండా వదిలేసి ఊరికెళ్లా."

"పోనీలే అమ్మా. ఇంకా టైముందిగా. మళ్లీ వేసుకో."

"మాటన్నాక మాటే. గది తీసుకో."

"నేనిప్పుడు అడగట్లేదమ్మా..."

"తీసుకోరా అంటున్నానుగా! నీకు చెవుడా? రేపొచ్చి గోడ కొట్టు! కొట్టకపోతే నేనే కొడతా!"

వాడు వద్దంటాడు, ఆమె తీసుకోమంటుంది. ఓడిపోవడానికి కూడా అరిచి, వాదించి గెలిచిన మనిషిని నేను ఆమెనే చూశాను.

తలుపు వెనక నుంచి గౌస్ బాషా బయటికొచ్చాడు. నెత్తిన ఇంకా సేమియా ఉంది. "ఒరేయ్ ఖాజా, అసలు జరిగిందేమిటంటే..."

"మీరూరుకోండి" అంది కరీమున్. "సేమియా సంగతి మీకేం తెలుసు?"

"నాకు తెలీదా? నా చేత్తో ఎన్ని వేల బస్తాలు..."

"అవి మిరపకాయలు. మిరపకాయల సంగతి మీ అంత తెలిసినవాడు గుంటూరు యార్డులోనే లేడు. కాదన్నానా? సేమియా నాది. బాగున్నా నాదే, చెడినా నాదే."

గౌస్ బాషా నెత్తి మీది సేమియా దులుపుకున్నాడు. కొడుకు నీళ్లు తాగడానికి లోపలికెళ్లాక, నేను కాలివేళ్లు రుద్దుకుంటూ ఆమెను నిలదీశాను.

"పిచ్చిదానా, ఒక్కమాటతో నీ గది నీకు దక్కేది కదే!"

"దక్కేది. ఆయనకు?" అంది మెల్లగా. "మోకాళ్లు పోయాయి. యార్డు పోయింది. ఆ నీళ్లు చల్లే విద్య ఒక్కటే మిగిలింది. అది కూడా కొడుకు ముందు తప్పయిపోతే ఇంక అరుగు మీద కూర్చుని ఏం చెప్పుకుంటాడక్కా?"

ఇదంతా ఇప్పుడు నేను బాహాటంగా రాస్తున్నానని నన్ను తిట్టుకోకండి. ఆమె దాచింది, నేను దాచాను, గుట్టు బయటపెట్టింది గౌస్ బాషానే. గోడ కొట్టి, షాపు లేచి, బోర్డు కూడా పెట్టాక, ఒకరోజు టీకొట్టు దగ్గర పదిమందిని కూర్చోబెట్టుకుని, "మిరపకాయకు పనికొచ్చే నీళ్లు సేమియాకు పనికిరావు. కనిపెట్టింది ఎవరనుకున్నారు? నేనే! స్వయంగా చల్లి చూశాను" అని గొప్పలు చెప్పుకున్నాడు. ఖాజావలి అది విని తల పట్టుకున్నాడు, వెళ్లి తల్లి ముందు నిలబడ్డాడు. షాపు తీసేస్తానన్నాడు. తీస్తే కాళ్లు విరగ్గొడతానంది. రాలిన సేమియాతో ఆ నెలంతా వీధిలో ప్రతి ఇంట్లో ఉప్మానే. తిన్నవాళ్లెవరూ బాగోలేదనలేదు. అనే ధైర్యం ఎవరికుంది?

అదంతా తర్వాతి మాట. సేమియా రాలిన సాయంత్రమే, నేను దీపం పెట్టుకుని కూర్చున్నానో లేదో కరీమున్ వచ్చింది. మామూలుగా గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడే మనిషి. ఆరోజు తిన్నగా లోపలికి వచ్చి నడిమిగదిలోకి తొంగిచూసింది. గోడ తట్టింది.

"మట్టిగోడేనా అక్కా?"

"మట్టిదే. మా మామగారు కట్టించింది. ఏం?"

"ఎండ పడుతుందా?"

"పడదు. అందుకేగా మధ్యాహ్నం ఇక్కడ పడుకునేది."

"గాలి?"

"ఫ్యానుందిగా."

"ఫ్యాను విప్పించెయ్యండి."

"ఎందుకే విప్పించడం? నాకు ఉక్కపోస్తుంది!"

"మీకెందుకు పోస్తుంది, మీరు ఇందులో ఉండరుగా. రేపు మిషను తెచ్చి పెడతా. పండగ లోపల ఇంకో వాయి తీస్తా. మీరు వసారాలో పడుకోండి, బ్రహ్మాండమైన గాలి."

నా ఇంట్లో, నా గదిలో నుంచి నన్నే బయటికి పంపుతుంటే నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఇంటి చరిత్రలో రాసిపెట్టుకోవాల్సిన సంగతి. అది సందనుకుని ఆమె ఇంకోటి కూడా అడిగింది.

"వసారాలో ఎక్కడో ఓ మూల పడుకుంటే కుదరదక్కా. ఈ గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకోవాలి. మా ఆయన చెంబు పట్టుకుని వస్తాడు. రాక మానడు. మీరంటే ఆయనకు భయం. లోపలికి రానివ్వకండి, కానీ తిట్టొద్దు. మీ కళ్లంలో కాయ ఆరి ఉందిగా, అక్కడికి తీసుకెళ్లండి. బస్తాలకెత్తేముందు ఆయన్నే చల్లమనండి. చల్లాక ఒక కాయ తీసి, వంచి చూసి, 'నీ చెయ్యి పడితే కాయ విరగదయ్యా గౌసూ' అని ఒక్క మాట అనండి. మీకు కష్టమేనని తెలుసు."